టవర్ పైకి లేవకముందు పది నెలలు



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మీ ఇంట్లోంచి గానీ, మీ గూడెంలోంచి గానీ ఎవరైనా హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి వచ్చి ఉంటే ఆఖరి దాకా తప్పకుండా చదవండి.

మాది భద్రాచలం ఏజెన్సీ, కోయోళ్ళం. గురుకులంలో చదివి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. ఇప్పుడు ఒక రెడీమిక్స్ ప్లాంట్ ల్యాబ్‌లో ట్రైనీగా చేస్తున్నా. పుప్పాలగూడలో ముగ్గురమ్మాయిలం కలిసి రూమ్ తీసుకున్నాం. మా డాబా ఎక్కితే ఎదురుగా నీలం రేకులు చుట్టిన పెద్ద జాగా కనిపిస్తుంది. యాభైకి పైన అంతస్తులని బోర్డు పెట్టారు. పుస్తకంలో చదివిన ఫౌండేషన్ పాఠం కళ్ళ ముందే జరుగుతుంటే ఊరుకోబుద్ధి కాలేదు. 2024 జనవరి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టి, ఏ రోజు ఏం పని జరిగిందో రాసుకుంటూ వచ్చాను. ఆ నోట్‌బుక్ తర్వాత వేరే పనికి వస్తుందని అప్పుడు నాకు తెలీదు.

ఈ ఏరియా గురించి ఒక మాట చెప్పాలి. 2006లో వచ్చిన జీవో 86 తర్వాత హైదరాబాద్‌లో ఇంత స్థలానికి ఇంతే కట్టాలన్న ఎఫ్.ఎస్.ఐ. పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే పైకి పోవచ్చు. అందుకే కోకాపేట, నార్సింగి వైపు ఎటు చూసినా క్రేన్లే. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పోయింది. అదే ఏడాది జూన్ చివర్లో మన దగ్గర పోడు పట్టాలు పంచడం మొదలైంది. ఎకరం పట్టా కాయితం కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్ళకి ఆ వంద కోట్ల లెక్క బుర్రకెక్కదు. అంత ఖరీదు పెట్టి కొన్న జాగాలో వెడల్పుకి కట్టరు కదా, ఎత్తుకే కడతారు.

కానీ ఎత్తుకి పోయే బిల్డింగ్ మొదటి ఏడాది పైకి పోదు, కిందికి పోతుంది. నేను చూసిన పది నెలల్లో ఎనిమిది నెలలు రోడ్డు మీద పోయేవాళ్ళకి నీలం రేకులు తప్ప ఏమీ కనపడలేదు.

మొదట వచ్చింది బోర్ మిషన్. భూమిలోంచి గుండ్రటి రాతి కడ్డీలు తీసి, పెట్టెల్లో వరసగా పేర్చారు. వాటిలో 10 సెంటీమీటర్ల కంటే పొడుగున్న ముక్కలన్నీ కలిపితే తవ్విన పొడుగులో ఎంత శాతం వస్తుందో లెక్క కడతారు. శాతం ఎక్కువుంటే రాయి గట్టిది, తక్కువుంటే పగుళ్ళున్నాయని. హైదరాబాద్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫాకి ఇలాంటి గట్టి రాయి దొరకలేదు. అక్కడ ఇసుక, దాని కింద మెత్తటి రాయి. అందుకే ఒకటిన్నర మీటరు వెడల్పు, 40 మీటర్లకు పైగా పొడుగున్న పైల్స్ 192 దింపి, వాటి మీద 3.7 మీటర్ల మందం రాఫ్ట్ పోశారు. ఇక్కడ ఆ అవసరం లేదు. రాయే పునాది. కాకపోతే సెల్లార్లు కావాలంటే ఆ రాయిని పగలగొట్టాలి.

ఆ పగలగొట్టే పనికే ఫిబ్రవరి చివర్లో మా చిన్నాన్న వచ్చాడు.

నేను పిలిపించలేదు. మిరప కోతలకి పోయే మేస్త్రీ ఒకతను "హైదరాబాద్‌లో రోజుకి ఎక్కువిస్తారు" అని చెప్పి, మా గూడెం నుంచి, పక్క గూడేల నుంచి పద్నాలుగు మందిని తెచ్చాడు. తెచ్చి దింపింది నేను రోజూ చూసే గుంతలోనే. చిన్నాన్న ఫోన్ చేసి గుర్తులు చెప్తుంటే నాకు అర్థమైపోయింది. "చిన్నాన్నా, నువ్వు నా ఎదురుగానే ఉన్నావ్" అంటే నమ్మలేదు. సాయంత్రం డాబా మీద నిలబడి చున్నీ ఊపితే, కిందనుంచి హెల్మెట్ తీసి ఊపాడు.

పైన ఎర్రమట్టి, మొరం పొక్లెయిన్లతో పోయింది. టిప్పర్లు రాత్రిపూట తిరిగేవి. దాని కింద గట్టి రాయి తగిలాక వరసగా బెజ్జాలు వేయడం, మందు దట్టించడం, పైన ఇసుక బస్తాలు కప్పడం, సైరన్ కొట్టడం. అన్ని బెజ్జాలూ ఒకేసారి పేలవు. ఒక్కోదానికి మధ్య సెకనులో వెయ్యో వంతుల్లో తేడా పెడతారు, పక్క ఇళ్ళు అదరకుండా. పేలాక మిగిలిన అంచుల్ని, గోడల్ని జాక్‌హామర్లతో, చేతి డ్రిల్లులతో చెక్కాలి. మనోళ్ళ పని అది. వాళ్ళతోపాటు ఛత్తీస్‌గఢ్ బస్తర్ వైపు కుర్రాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ మాట, మన కోయ మాట కలిసేసరికి రెండో రోజుకే వరసలు పెట్టి పిలుచుకున్నారంట.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం కూర వండుకుని వాళ్ళ రేకుల రూముల దగ్గరికి పోయాను. చిన్నాన్న అప్పుడే పైకొచ్చాడు. కనురెప్పల మీద, మీసాల మీద తెల్లటి పొడి. బియ్యప్పిండి జల్లినట్టు. మూతికి తువ్వాల ఒకటే కట్టుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గుతున్నాడు. "దుమ్ములే బిడ్డా, నీళ్ళు పోసుకుంటే పోద్ది" అన్నాడు.

ఒంటి మీద దుమ్ము పోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయింది పోదు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఎక్కువ, అంటే సిలికా. పొడిగా డ్రిల్ చేస్తే కంటికి కనపడనంత సన్నటి సిలికా గాల్లో లేస్తుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. సిలికోసిస్ అంటారు. దానికి మందు లేదు. రాకుండా చూసుకోవడమే. ఆపడం పెద్ద ఖర్చు కూడా కాదు. డ్రిల్ మొన దగ్గర నీళ్ళు పడేట్టు పైపు పెడితే దుమ్ము చాలా వరకు లేవదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు ఇవ్వాలి. తువ్వాల అంత సన్న దుమ్ముని ఆపదు.

గేటు దగ్గర ఉన్న సూపర్‌వైజర్‌ని అడిగాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "మీవాళ్ళు అడవిలో పెరిగినోళ్ళు కదమ్మా, గట్టోళ్ళు. ఏం కాదు" అన్నాడు.

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. పొగడ్తలాగే ఉంటుంది. మనం కూడా గొప్పగా చెప్పుకుంటాం, మేం గట్టోళ్ళమని. కానీ గట్టోళ్ళని పేరు పెడితే మాస్కు ఇవ్వక్కర్లేదు, నీళ్ళ పైపు పెట్టక్కర్లేదు. ఆ పొగడ్తతో ఎవరికి ఎంత మిగిలిందో లెక్క వేసుకోండి.

ఇది మనకొక్కళ్ళకే జరగలేదు. అమెరికా, కెనడాల్లో మోహాక్ అనే ఆదివాసీ జాతి ఉంది. 1886లో మాంట్రియల్ దగ్గర వాళ్ళ కానావాకే ఊరి పక్కన నది మీద రైల్వే బ్రిడ్జి కట్టినప్పుడు వాళ్ళు ఇనుప పనిలోకి వచ్చారు. తర్వాత న్యూయార్క్ ఆకాశహర్మ్యాల్లో, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌తో సహా, స్టీలు బిగించినవాళ్ళలో వాళ్ళున్నారు. వాళ్ళ మీద కూడా ఒక మాట పుట్టించారు, "వీళ్ళకి పుట్టుకతోనే ఎత్తంటే భయం ఉండదు" అని. ఆ పని చేసినవాళ్ళు మాత్రం, మాకూ భయం ఉంటుంది, కాకపోతే దాన్ని అదుపులో పెట్టుకుని పని నేర్చుకున్నాం అని చెప్తూ వచ్చారు. 1907 ఆగస్టు 29న కడుతున్న క్యుబెక్ బ్రిడ్జి కూలి 75 మంది చనిపోతే, అందులో 33 మంది ఆ ఒక్క కానావాకే వాళ్ళే. ఎత్తంటే భయం లేకపోవడం వాళ్ళని కాపాడలేదు. ఇంజనీర్ల లెక్క తప్పితే బ్రిడ్జి కూలింది. ఆ తర్వాత మగవాళ్ళంతా ఒకే చోట పనికి పోవద్దని ఆ ఊరి ఆడవాళ్ళు పట్టుబట్టారని చెప్తారు.

అయినా మోహాక్‌ల సంగతి లోకానికి ఎందుకు తెలిసింది? వాళ్ళు పైన పని చేశారు, ఫోటోల్లో పడ్డారు. మనోళ్ళు గుంతలో పని చేస్తారు. బిల్డింగ్ రేకుల పైకి లేచి, జనం ఫోన్లు తీసే టైముకి వాళ్ళు వేరే గుంతలో ఉంటారు.

అలాగే జరిగింది. జులై ఆఖరుకి రాతి పని అయిపోయింది. చిన్నాన్న వాళ్ళని రాత్రికి రాత్రి తెల్లాపూర్ వైపు ఇంకో సైట్‌కి మార్చారు. వెళ్ళే ముందు లేబర్ కార్డు సంగతి తేల్చుకుందామని నేను పట్టుబట్టాను. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి అప్పటికి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే పేరు నమోదు చేసుకునే వీలుండేది. కట్టేవాళ్ళ దగ్గర నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసేది ఆ కార్మికుల సంక్షేమం కోసమే. ఎన్ని అంతస్తులు లేస్తే అంత సెస్సు. కానీ పేరు లేనివాడికి అందులోంచి పైసా రాదు.

మేస్త్రీని కాయితం అడిగితే "మీవి డెబ్భై రోజులే" అన్నాడు. చిన్నాన్న గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసుకొచ్చాడు. పనికి పోయిన ప్రతి రోజు మీద పెన్నుతో టిక్కు పెట్టుకున్నాడు. లెక్కపెడితే 118. నా నోట్‌బుక్ తీశాను. ఏ రోజు డ్రిల్లింగ్ జరిగింది, ఏ రోజు సైరన్ మోగింది, ఏ రోజు వానకి నీళ్ళు నిండి మోటర్లు పెట్టి తోడారు, అన్నీ తారీఖులతో ఉన్నాయి. క్యాలెండర్‌లో టిక్కు లేని రోజులు, నా పుస్తకంలో పని ఆగిన రోజులు చాలా వరకు కలిశాయి. మేస్త్రీ అయినా సంతకం పెట్టలేదు. ఆ రెండూ పట్టుకుని ఒక భవన నిర్మాణ కార్మిక సంఘం దగ్గరికి పోతే, వాళ్ళు చూసి సర్టిఫికెట్ ఇచ్చారు. లేబర్ ఆఫీసులో అది తీసుకున్నారు. అక్టోబరులో కార్డు వచ్చింది.

పద్నాలుగు మందిలో కార్డు వచ్చింది ఐదుగురికే. మిగతావాళ్ళ దగ్గర తారీఖులు లేవు. వాళ్ళూ అదే గుంతలో అన్ని రోజులూ చేశారు.

చిన్నాన్నకి సర్కారు దవాఖానాలో ఎక్స్‌రే తీయించాం. ఇప్పటికైతే ఏమీ కనపడలేదని, ఆర్నెల్లకోసారి చూపించుకోమని, దుమ్ము పని మానుకోమని చెప్పారు. మానలేదు. ఇంటి మీద అప్పుంది. కాకపోతే కొత్త సైట్‌లో మాస్కు అడిగి తీసుకున్నాడు. నీళ్ళ పైపు కోసం అందరూ కలిసి అడిగితే రెండు డ్రిల్లులకి పెట్టారంట. ఒక్కడే అడిగితే "నువ్వు ఇంటికి పో" అనేవాళ్ళు.

ఇటు సెప్టెంబరులో రాఫ్ట్ పోశారు. మా ప్లాంట్ నుంచి కూడా కాంక్రీటు పోయింది. నేను డ్యూటీ మీద మొదటిసారి ఆ గుంతలోకి దిగాను. రెండు వేల ఘనపు మీటర్లంటే మూడొందల పైచిలుకు మిక్సర్ల ట్రిప్పులు. మధ్యలో ఆగితే అతుకు పడుతుంది కాబట్టి పగలూ రాత్రీ ఆపలేదు. అంత మందం కాంక్రీటు తనంతట తనే వేడెక్కుతుంది. లోపల 70 డిగ్రీలు దాటకూడదు. అందుకని మిక్స్‌లో ఐసు వేస్తారు, ఫ్లైయాష్ కలుపుతారు, లోపల వైర్లు పెట్టి వేడి కొలుస్తారు. ప్రతి బ్యాచ్‌కీ 15 సెంటీమీటర్ల క్యూబులు పోసి, 7 రోజులకి, 28 రోజులకి విరగ్గొట్టి చూస్తాం. ఏ క్యూబు ఏ రోజు పోశారో, ఏ ట్రక్కులో వచ్చిందో రాయకపోతే ఆ కాంక్రీటుని ఎవరూ నమ్మరు. రిజిస్టర్‌లో ఎక్కిస్తుంటే నాకు అనిపించింది: క్యూబుకి తారీఖుంది, నంబరుంది, సంతకం ఉంది. దాని కింద రాయి చెక్కిన మనిషికి ఏదీ లేదు.

నవంబరులో టవర్ క్రేన్ నిలబడింది. మధ్యలో లిఫ్టులు వచ్చే కోర్ గోడ మొదటిసారి నీలం రేకుల పైకి లేచింది. ఇక అందరూ చూస్తారు.

మీకు చెప్పాలనుకున్నది ఇంతే. పని మానమని నేను చెప్పట్లేదు, మానితే బతికేదెట్లా? పనికి పోయే ప్రతి మనిషి దగ్గర లెక్క ఉండాలి. మొదటి రోజే సైట్ గేటు బోర్డు ఫోటో తీసుకోమనండి. మేస్త్రీ పేరు, నంబరు రాసుకోమనండి. చదువు రానివాళ్ళయితే క్యాలెండర్ మీద టిక్కు పెట్టమనండి, ఆదివారం ఆదివారం దాన్ని ఫోటో తీసి ఇంట్లో చదువుకున్న పిల్లలకి పంపమనండి. ఆ పిల్లలు మనమే. రాయి పని అయితే నీళ్ళు, మాస్కు గుంపుగా అడగమనండి. గట్టోళ్ళు కదా అంటే, గట్టోళ్ళమే గానీ ఊపిరితిత్తులు అందరివీ ఒకటేనని చెప్పమనండి.

మీ గూడెం నుంచి వచ్చినవాళ్ళు ఇప్పుడు ఏ సైట్‌లో ఉన్నారో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి. తారీఖులు రాసే నోట్‌బుక్ పేజీ నేను చార్టులాగా గీసి పెట్టాను. కావాల్సినవాళ్ళు కింద మీ ఊరి పేరు రాయండి, పంపిస్తాను.

జోహార్.