గుండ్లకమ్మ సీమలో ఆడుదయ్యములు

గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలు వినుకొండ దాటిన పిమ్మట దేశము క్రమముగా రూపు మార్చుకొనుచుండును. ఎఱ్ఱనేలలు, పలుగురాళ్లు, కందిచేలు, ఆముదపుచేలు, నడుమ నడుమ ఒంటరి చింతచెట్లు కానవచ్చును. కురిచేడు, దొనకొండ, గజ్జెలకొండ, మార్కాపురము రోడ్డు, తర్లుపాడు, కంభము, గిద్దలూరు అను స్టేషనులు వరుసగా వచ్చును. గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరునప్పటికి నల్లమల కొండలు దారి కడ్డముగా నిలుచును. అచ్చటినుండి రైలు అడవిలోనికిని, సొరంగములోనికిని దూరును. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనివి. ఆ యేట ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. పశ్చిమ ప్రకాశమని జనులు వాడుకగా చెప్పుకొను సీమ యిదియే.

ఈ సీమలో ఏ దిక్కు చూచినను స్త్రీల పేళ్లే వినవచ్చును. నల్లమలలో పుట్టి తూర్పు సముద్రమున గలియు ఏఱు గుండ్లకమ్మ. మార్కాపురమునకు ఆ పేరు మారిక యను గొల్ల వనితవలన వచ్చినదని స్థలకథ. శ్రీశైలమునకు తూర్పు ద్వారమైన త్రిపురాంతకమున కొండపై స్వామి యుండగా, క్రింద చెఱువులో బాలాత్రిపురసుందరి వెలసియున్నది. కంభము చెఱువు సంగతి చెప్పనక్కఱలేదు. కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి, ఆ మహాతటాకమును కట్టించినది విజయనగర రాజకుటుంబమునకు చెందిన వరదరాజమ్మ యని ప్రసిద్ధి. నాలుగు శతాబ్దములు దాటినను ఆ నీరు నేటికిని పొలములకు పాఱుచున్నది.

ఐనను సోదరీమణులారా, ప్రొద్దు క్రుంకిన తరువాత ఈ పల్లెలలో పెద్దవారు మెల్లగా చెప్పుకొను పేళ్లు వేఱు. కామిని, మోహిని, శాకిని, ఢాకిని, కొఱవిదయ్యము, జడలదయ్యము! మిట్టమధ్యాహ్నమున చింతచెట్టు క్రింద నిలువరాదనియు, చూలాలు పొలిమేర దాటరాదనియు, బాలింత జుట్టు విరబోసికొని వాకిట కూర్చుండరాదనియు, పాడుపడిన దిగుడుబావిలోనికి తొంగి చూడరాదనియు చెప్పుదురు. బాలింత మంచము క్రింద ఇనుపముక్క యుంచుదురు. గుమ్మమునకు వేపమండలు కట్టుదురు. ఇవి యీ సీమకు మాత్రమే చెందిన యాచారములు కావు, తెలుగుదేశమంతటను కలవు. కాని నీరు తక్కువై, ఊరికి ఊరికి దూరమెక్కువై, ప్రక్కనే గొప్ప యడవి యున్న చోట భయము త్వరగా విడువదు.

ఈ దయ్యము లెవరు? ఆడుదయ్యము ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ప్రతి కథలోను ఆమె ఒకప్పుడు ఎవరి యింటనో కోడలు, ఎవరి కడుపుననో పుట్టిన కూతురు. కాన్పు కష్టమై పోయినది, పురిటిలోనే జ్వరము వచ్చి పోయినది, అత్తవారింటి బాధ పడలేక నూతిలో పడినది. మరణించిన తీరు గుర్తుంచుకొని ఊరివారు ఆమెకు దయ్యమని పేరు పెట్టిరి. ఉత్తర హిందూస్థానమున చుడేలు అను దానిని గుఱించి యడుగుడు. చూలాలుగానో బాలింతగానో చచ్చిన స్త్రీ యనియే చెప్పుదురు. సముద్రము దాటి మలయా దేశమునకు పొండు. పొంటియానక్ అను పిశాచము కూడ కాన్పులో మరణించినదే. ఒకరి భాష యొకరికి తెలియని దేశములలో ఒకే కథ పుట్టుటకు కారణ మొక్కటే: అన్ని దేశములందును స్త్రీలు ప్రసవములో మరణించుచుండిరి.

మన యిండ్లలో మఱియొక యాచారము కలదు. పసుపు కుంకుమలతో పోయిన యిల్లాలిని పేరంటాలని కొలుతుము. పెండ్లియో, మఱి యే శుభకార్యమో తలపెట్టినప్పుడు ఆమె పేర చీర, రవికెగుడ్డ, పసుపు కుంకుమలు పెట్టి నమస్కరింతుము. కాన్పులో పోయిన ఆ యిల్లాలే పుట్టినింటివారికి, మెట్టినింటివారికి పేరంటాలైనది. దారిన పోవువారికి మాత్రము దయ్యమైనది! తలచుకొని చీర పెట్టువారున్న చచ్చినామె దేవత, అట్టి దిక్కు లేనిచో పిశాచము. ఈ భేదము ఆమెలో లేదు. బ్రతికియున్న వారిలో నున్నది.

ఈ రూపాంతరము క్రొత్తది కాదు. భారతమున సభాపర్వములో జర యను రాక్షసి కథ చదివియే యుందురు. రెండు తునకలుగా పుట్టి పాఱవేయబడిన శిశువును కూర్చి బ్రతికించి రాజున కిచ్చినది ఆమెయే. ఆ శిశువు జరాసంధుడు. తన్ను బిడ్డలతో కూడ ఇంటిగోడపై చిత్రించి పూజించువారికి వృద్ధి కలుగునని ఆమెయే చెప్పినది. బౌద్ధుల కథలలో హారీతి యను యక్షిణి ఊరి పిల్లలను అపహరించి తినుచుండెను. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను దాచి, తల్లి దుఃఖ మెట్టిదో ఆమెకు తెలియజేసెను. నాటినుండి ఆమె పిల్లలను కాపాడు తల్లి యైనది. ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇత్సింగ్ అను చీనా యాత్రికుడు, విహారముల భోజనశాలల మూలలలో బిడ్డ నెత్తుకొన్న హారీతి రూపముండుననియు, ఆమెకు దినదినము అన్నము పెట్టుదురనియు వ్రాసినాడు. ఈ సీమకు ఉత్తరమున, కృష్ణ యొడ్డున నున్న నాగార్జునకొండలో 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో హారీతి యాలయ మొకటి బయటపడినది. గుండ్లకమ్మ యొడ్డుననే, దొనకొండకు చేరువ చందవరమున బౌద్ధస్తూపము నేటికిని చూడవచ్చును. కావున బిడ్డలను మ్రింగు రక్కసిని బుజ్జగించి తల్లిగా మార్చుకొను నేర్పు మన వారికి వేల యేండ్లనుండి కలదు.

బుజ్జగింపు మనస్సునకు ధైర్యమిచ్చెను గాని ప్రాణములు నిలుపలేదు. ప్రాణములు తీసిన దేదియో ఇప్పుడు మనకు తెలియును. బాలింతకు మూడవనాడు చలిజ్వరము వచ్చి సంధి పలుకుట పురిటిజ్వరము. చేతులు శుభ్రము లేనివారు తాకుటచే లోన చీము పట్టుటవలన గలుగును. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో సెమెల్‌వైస్ అను వైద్యుడు, కాన్పు చేయువారందఱు క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమము పెట్టగా బాలింతల చావులు మిక్కిలి తగ్గినవి. నెలలు నిండిన చూలాలు కన్నులు తేలవేసి కాళ్లు చేతులు కొట్టుకొనుట గాలి సోకుట కాదు. రక్తపుపోటు హెచ్చుటవలన వచ్చు గుఱ్ఱపువాతము. దానికి మెగ్నీషియం సల్ఫేటు సూదిమందు తక్కిన మందులకంటె మేలైనదని 1995లో పలు దేశముల వైద్యులు కలిసి పరీక్షించి తేల్చిరి.

పసికందుల సంగతి యింకను హృదయవిదారకము. పుట్టిన రెండు దినములు చక్కగా పాలు త్రాగిన బిడ్డ, వారము తిరుగక మునుపే దవడ బిగిసి, ఒడలు విల్లువలె వంగి పోయెడిది. బాలగ్రహము పట్టినదని, ఆడుదయ్యము బిడ్డను కోరినదని యేడ్చెడివారు. అది ధనుర్వాతము. బొడ్డు కోసిన కొడవలినుండియో, గాయమునకు అద్దిన బూడిదనుండియో, పేడనుండియో లోనికి పోవు సూక్ష్మక్రిమి దానికి కారణము. చూడుడు, దయ్యమును తఱుమునని మంచము క్రింద నుంచిన యినుమే బొడ్డు కోసినప్పుడు బిడ్డకు మృత్యువైనది! గర్భిణులకు సూదిమందు వేయుటవలనను, శుభ్రమైన కాన్పులవలనను ఈ వ్యాధి తగ్గి, తల్లులకును పసిబిడ్డలకును వచ్చు ధనుర్వాతము ప్రజారోగ్యసమస్యగా నిర్మూలమైనదని 2015లో మన దేశమునకు గుర్తింపు లభించినది. పోలేరమ్మ కోపమనుకొన్న మశూచికము 1975 తరువాత మన దేశమున లేదు. 1980లో లోకమునుండియే పోయినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది.

కంటికి కనబడని కీడు నీటిలో నుండుట ఈ ప్రాంతమువారు స్వయముగా ఎఱిగినదే. పశ్చిమ ప్రకాశమున పెక్కు గ్రామములలో బావినీట ఫ్లోరైడు ఎక్కువ. పండ్లు గారపట్టుటయు, నడుము వంగుటయు, కీళ్లు బిగిసి నడువలేకుండుటయు దాని గుణములు. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను వైద్యశాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించి, మూలము త్రాగునీటిలో నున్నదని తెలిపిరి. ఒక కుటుంబమున తండ్రికి, కొడుకునకు, కోడలికి వరుసగా నడుము వంగినచో శాపమని యనుకొనుట సహజము. నీటిని పరీక్షించిన పిమ్మట శాపము పోయి వ్యాధి మిగిలినది; వ్యాధికి మంచినీరు మందని తెలిసినది. పేరు సరిగా పెట్టుకొన్నప్పుడే ఉపాయము దొరకును.

ఇక దయ్యము పట్టినదనబడు స్త్రీ మాట. చచ్చినవారి కథ యెట్లున్నను, బ్రతికియున్న యామెకు జరుగునది మనము ఊరకుండదగినది కాదు. జుట్టు పట్టి యీడ్చుట, వేపమండలతోను చింతబరికలతోను కొట్టుట, మిరపకాయల పొగ ముక్కునకు పెట్టుట, అన్నము మాన్పుట – ఇవన్నియు దయ్యమునకు కాదు, మన బిడ్డకు తగులు దెబ్బలు. కాన్పైన తరువాత కొలది దినములలో మతి చలించి, నిద్ర లేక, ఎవరో పిలుచుచున్నారని పలుకుట యొక వ్యాధి; వేయి కాన్పులలో ఒకరిద్దఱికి వచ్చును. త్వరగా వైద్యము చేయించిన చాలమంది పూర్తిగా కోలుకొందురు. ఆలస్యమైన తల్లికిని బిడ్డకును కూడ ప్రమాదము. మఱికొందఱికి వ్యాధి యుండదు, దుఃఖ ముండును. అత్తగారి యెదుట నోరెత్తరాని కోడలు పూనకము వచ్చినప్పుడు మాత్రము పేరు పెట్టి యడుగును, తిట్టును, తనకు కావలసినది చెప్పును. దయ్యము మాటాడినదని యందఱు చేతులు కట్టుకొని విందురు. మఱునాడు అదే మాట కోడలు చెప్పిన నెవరు విందురు? ఆ పూనకమున పలికిన మాటలను మంత్రగానికంటె ముందు ఇంటి పెద్దలు శ్రద్ధగా వినవలెను.

భర్త పోయి, పిల్లలు లేక, ఊరి చివర నొంటరిగా నుండు ముసలిదానిని చూచి, ఆమె చూపు మంచిది కాదనుట, చేతబడి చేయుననుట మఱియొక పాపము. మొదట చాటున మాట, తరువాత బహిష్కారము, తుదకు దెబ్బలు. ఆ మొదటి మాట తఱచుగా నూతికడ మన స్త్రీల నోటనే పుట్టును. అది యచ్చటనే యాగవలెను.

కొన్ని దశాబ్దముల క్రిందట తెలుగుపల్లెలలో “ఓ స్త్రీ, రేపు రా” అని తలుపులపై వ్రాసికొనుట యొక వింతగా వ్యాపించినది. కన్నడ దేశమునను అట్లే “నాళె బా” అని వ్రాసిరి. రాత్రివేళ తలుపు తట్టు దయ్యము ఆ వ్రాత చదివి వెనుదిరుగునని నమ్మకము! దయ్యమునకు చదువు వచ్చునని సందేహింపనివారు, ఆడుపిల్లకు చదువేల యని వాదించుట నవ్వు పుట్టించును. మార్కాపురపు నేల పలకరాతికి ప్రసిద్ధి. దేశమున ఎందఱో బాలబాలికలు ఈ యూరి పలకలమీదనే అక్షరములు దిద్దిరి. ఆ పలక పట్టిన బాలిక యెదిగి తన రక్తపుపోటు లెక్క తాను చదువుకొనగలిగిన, ఏ గుమ్మముమీదను ఏ వ్రాతయు అక్కఱలేదు.

2018-20 నాటి లెక్కల ప్రకారము దేశములో లక్ష సజీవజననములకు 97 మంది తల్లులును, ఆంధ్రప్రదేశమున 45 మందియు మరణించిరి. పూర్వముతో పోల్చిన నిది చాల తక్కువయే. కాని ఆ నలుబదియైదుగురిలో ప్రతి యొక్కరును ఒక యింటి యిల్లాలు. కావున నెలలు నిండిన చూలాలికి తలనొప్పి, కన్నులు మసకలు, ముఖపు వాపు కానవచ్చినను, మూర్ఛ వచ్చినను తాయెత్తుకొఱకు పోక 108కి ఫోను చేయుడు. బాలింత మతి తప్పినట్లు తోచిన వైద్యునికి చూపుడు. మనస్సు బాధకు సలహా చెప్పు టెలిమానస్ అను ప్రభుత్వపు సేవ 2022నుండి కలదు. 14416కు ఫోను చేసినచో తెలుగుననే మాటాడుదురు. వేపమండలు గుమ్మమునకు కట్టుకొనుడు, తప్పులేదు. చచ్చినవారికి చీర పెట్టుడు, మంచిదే. బ్రతికియున్న కోడలికి కట్టుబట్ట, కడుపునిండ అన్నము, వేళకు వైద్యము, మాటాడుటకు చోటు ముందుగా నిండు.