నాదర్‌గుల్ దారిలో... ఓ మొనగాళ్ల జట్టు ముచ్చట

ఎల్బీనగర్ నుంచి మీర్‌పేట మీదుగా వెళ్తే నాదర్‌గుల్. చిన్న విమానాల రన్‌వే, 1981లో మొదలైన ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ ఈ ఊరి గుర్తులు. పొలాలు పోయి ప్లాట్లు వచ్చాయి. ఖాళీ జాగా కనిపిస్తే చాలు, కుర్రాళ్లు బ్యాట్లు పట్టుకుని దిగిపోతారు. గట్టివాళ్లంతా ఒకేవైపు చేరితే మాత్రం గొడవే!

అమెరికా బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే గొడవ. 2010లో లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్ వెళ్లి డ్వేన్ వేడ్‌తో చేతులు కలిపారు. మయామీ హీట్ వరసగా నాలుగుసార్లు ఫైనల్ ఆడి, 2012, 2013ల్లో గెలిచింది.

ఆ ముచ్చట హైదరాబాద్ ఎప్పుడో చూసింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి మొనగాళ్లు. ఇంకేం, 1950 నుంచి 1954 దాకా అయిదేళ్లూ రోవర్స్ కప్పు సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుదే. రహీం శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది.

మరి ఆ వైభవం ఏమైంది? కలకత్తా క్లబ్బులు పిలిచాయి. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఇంకొందరిదీ అదే బాట. పోగేసుకున్న ఊరే పోగొట్టుకుంది.

వెళ్లేవాళ్లను ఆపలేం. కొత్తవాళ్లు రావాలంటే మాత్రం ఆడుకునే చోటుండాలి. ఈ ప్లాట్ల మధ్య ఒక్క మైదానమైనా మిగిలితేనే కదా, ఇంకో బలరాం దొరికేది!