ఫార్మాట్ కొట్టే ముందు...

గోదావరి జిల్లాల్లో వానాకాలం వచ్చిందంటే ముందుగా తేమ పట్టేది ఉప్పుకీ, అప్పడాలకీ. ఆ తర్వాత వంతు కంప్యూటర్‌ది. చుట్టూ కాలువలు, వరిచేలు, చేపల చెరువులు... అటు నరసాపురం దాటితే సముద్రం. పాలకొల్లు గాలిలోనే నీళ్లుంటాయి. పది రోజులు ముట్టుకోకుండా వదిలేసిన డెస్క్‌టాప్ ఓ పొద్దున స్విచ్ నొక్కితే లెగదు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం చీకటి. ‘పోయింది’ అనేస్తారు ఇంట్లోవాళ్లు. చాలాసార్లు అది పోదు, ఎక్కడో ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో పట్టుకోవడమే అసలు పని.

విండోస్ ఉండేది హార్డ్‌డిస్క్‌లో. దాన్ని చదవాలంటే ముందు ఓ ప్రోగ్రామ్ కావాలి. మరి ఆ ప్రోగ్రామ్‌ని ఎవరు నడపాలి? బూటు వెనకుండే పట్టీ పట్టుకుని తనను తానే పైకి లాక్కున్నట్టుంటుంది ఈ వ్యవహారం! ఆ పట్టీని ఇంగ్లిషులో బూట్‌స్ట్రాప్ అంటారు. ‘బూట్’ అవడం అన్నమాట అక్కణ్నుంచి వచ్చిందే. ఈ చిక్కు విప్పేది మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండే బయోస్. ఇంటి పెద్దావిడ తెల్లారగట్లే లేచి నీళ్లు, పాలు, పొయ్యి చూసుకున్నట్టు అది ప్రాసెసర్, ర్యామ్, తెర వరుసగా చూసుకుంటుంది. అన్నీ బాగుంటే పొట్టిగా ఒక ‘బీప్’. 1981లో వచ్చిన ఐబీఎం తొలి పీసీ నాటి అలవాటిది. తేడా ఉంటే బీప్‌ల లెక్క మారుతుంది. తెర వెలగనప్పుడు కష్టం చెప్పుకోడానికి దానికున్న నోరు అదొక్కటే.

పాలకొల్లులో రిటైరైన ఓ లెక్కల మాస్టారి ఇంట్లో 2006 నాటి డెస్క్‌టాప్ అలాగే మొరాయించింది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే సాయం ఆపేసినా ఆయన దాన్ని వదల్లేదు. ఇంటర్నెట్ కోసం కాదు, ఫొటోల కోసం. క్షీరారామం గాలిగోపురం ముందు మనవణ్ని ఎత్తుకుని నవ్వుతున్న ఆయన భార్య ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఆవిడ పోయి ఏడేళ్లు. ఇంకెక్కడా కాపీ లేదు.

‘‘నాన్నగారూ, ఆ చప్పుడు ఓసారి ఫోన్లో వినిపించండి’’ అన్నాడు అమెరికాలో ఉన్న కొడుకు. పొడుగు బీప్‌లు, ఆగి ఆగి వస్తున్నాయి. బీప్‌ల అర్థం కంపెనీని బట్టి మారుతుంది గానీ, ఇలా వస్తే ముందుగా అనుమానించాల్సింది ర్యామ్‌నే. పక్కింటి కాలేజీ అమ్మాయి వచ్చి ప్లగ్గు పీకేసింది. ఒంట్లో ఉండే స్థిరవిద్యుత్తు పోయేలా క్యాబినెట్ ఇనుమును తాకింది. ర్యామ్ పట్టీని బయటికి తీసి, దాని బంగారు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు దులిపి మళ్లీ ‘టిక్’మనేలా బిగించింది. తెర వెలిగింది!

సంబరం నిమిషమే. ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అంటూ తెల్లక్షరాలు. కబురందుకుని వచ్చిన మెకానిక్ కుర్రాడు తేల్చేశాడు: ‘‘ఆయ్, విండోస్ ఎగిరిపోయిందండి మాస్టారూ. ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదానిలా అయిపోద్దండి.’’

ఆ మాటతోనే ఎన్ని ఇళ్లల్లో ఎన్ని జ్ఞాపకాలు తుడిచిపెట్టుకుపోయాయో! ఎక్స్‌పీలో డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో దాచుకున్నవన్నీ మామూలుగా విండోస్ ఉండే సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. దాన్ని ఫార్మాట్ చేస్తే అవీ పోతాయి.

‘‘అది మాత్రం వద్దు నాన్నగారూ... వెనకాల ఏమన్నా గుచ్చి ఉందేమో చూడండి’’ అన్నాడు కొడుకు. ఉంది... పాటల పెన్‌డ్రైవ్! రెండు నెలలుగా కంప్యూటర్ ఎప్పటిదో పాత తేదీ చూపిస్తోంది. అంటే మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బటన్ సెల్ అయిపోయిందన్నమాట. దాంతో బయోస్ తన సెట్టింగులు మర్చిపోయి, హార్డ్‌డిస్క్‌ని వదిలి పెన్‌డ్రైవ్‌లో విండోస్‌ని వెతుకుతోంది. పెన్‌డ్రైవ్ పీకి, సీఆర్2032 సెల్ కొత్తది వేసి, బూట్ వరసలో హార్డ్‌డిస్క్‌ని ముందు పెట్టారు. ఎక్స్‌పీ పచ్చిక మైదానం కనబడింది.

అందరికీ ఇంత తేలిగ్గా తేలకపోవచ్చు. అసలు ఫ్యానే తిరగకపోతే ముందు ప్లగ్గు, వైరు, ఆ తర్వాత ఎస్ఎంపీఎస్. దాన్ని మాత్రం ఇంట్లో విప్పకూడదు, ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది. 2000ల తొలినాళ్ల మదర్‌బోర్డుల్లో కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బడం మామూలే. అలా కనబడితే బోర్డు పని అయిపోవచ్చినట్టే. అప్పుడు కూడా హార్డ్‌డిస్క్ క్షేమంగానే ఉండొచ్చు. దాన్ని ఊడదీసి అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లన్నీ కాపీ చేసుకోవచ్చు. డిస్కే ‘టిక్ టిక్’మంటుంటే మాత్రం వెంటనే ఆపెయ్యాలి. ఆన్ చేసిన ప్రతిసారీ ఉన్నవి కూడా పాడయ్యే ప్రమాదం ఉంది.

మాస్టారు ఆ రాత్రే ఫొటోల్ని రెండుచోట్లకి కాపీ చేయించారు. ఒకటి ఇంట్లో, రెండోది కొడుకు దగ్గర. ఒకే బుట్టలో పెట్టిన గుడ్ల లెక్క ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు మరి! విండోస్‌దేముంది... ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. ఆవిడ నవ్వుని మళ్లీ ఏ కెమెరాతో తీస్తారు?