పదో తరగతి దాటగానే కాలేజీ

‘ఎర్లీ కాలేజ్’ అనగానే మీ పెన్ను అమెరికా వైపు పోతుంది కదా? ముందు బాసర, నూజివీడు, ఇడుపులపాయ చూడండి. 2008లో మొదలైన ఆర్జీయూకేటీ పదో తరగతి ఫలితాలతోనే పిల్లల్ని తీసుకుంటుంది. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, వరసగా. ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల పిల్లల జీపీఏకి 0.4 కలిపిన నియమం నాకు అన్నిటికంటే నచ్చింది. ఎంసెట్ కోచింగ్‌కి డబ్బు కట్టలేని ఇళ్లకు అదెంత పెద్ద ఊరటో!

మా చెల్లిది ఈ ఏడు పదో తరగతి. అప్లై చేయించమని అమ్మ పోరు. నేనేమో బీటెక్ చేసి ఇప్పుడు పాలిటీ బట్టీ పడుతున్నవాణ్ణి! పదిహేనేళ్లకే ఆరేళ్ల చదువు తేల్చుకోవాలా? ఇలాంటి పథకం రూపొందించమంటే సీట్లు, హాస్టళ్లు, నిధులు అందరూ రాస్తారు. పీయూసీ అయ్యాక హిస్టరీకో కామర్స్‌కో మారాలనుకునే పిల్లకు దారేదో మీరు రాయండి. దానికి అప్లికేషన్ అయితే పెట్టిస్తున్నాను.