వేడెక్కితే అలిగే కారు

మా కారు 2004లో కొన్నది. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. ఇప్పుడది పురిటికి పుట్టింటికి వచ్చి కూర్చుంది. సరిగ్గా ఈ సమయంలోనే కారుగారికి అలక అలవాటైంది.

పొద్దున్నే తాళం తిప్పితే బుద్ధిగా బయలుదేరుతుంది. అరగంట నడిచి ఒళ్ళు వేడెక్కేసరికి టక్కున ఆగిపోతుంది. ఎంత బతిమాలినా పలకదు. బానెట్ ఎత్తి, పక్క బడ్డీలో నిదానంగా టీ తాగి వస్తే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదులుతుంది. బెజవాడ బెంజి సర్కిల్‌లో, వెనక బస్సు హారను కొడుతుండగా ఈ అలక తీర్చడమంటే మాటలా చెప్పండి!

చూసినవారంతా "ముసలిదైపోయిందండీ" అన్నారు. మా అమ్మ మూలగది నుంచే "నా మోకాళ్ళకీ ఆ డాక్టరు ఇదే చెప్పాడు" అంది. పదిహేనేళ్ళు నిండిన కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించాలి గదా. 2019లో ఓసారి, 2024లో మరోసారి చేయించాం. ఆ డబ్బు దండగనీ, తుక్కుకి ఇచ్చెయ్యమనీ మా బావమరిది సలహా. ఒక షెడ్డువాళ్ళు ప్లగ్గులు మార్చారు, పెట్రోలు పంపు మార్చారు, 6,000 పుచ్చుకున్నారు. కారు మర్నాడే మళ్ళీ అలిగింది.

"ఏమండీ, అర్ధరాత్రి పిల్లకి నొప్పులొస్తే ఈ బండి నమ్ముకునేనా?" అంది మా ఆవిడ. నిజమే మరి.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నాడంటే తీసుకువెళ్ళాను. ఆయన ఏ నట్టూ ముట్టుకోలేదు. "ఆగేముందు నత్తినత్తిగా కొట్టుకుంటుందా, ఒక్కసారిగా ఆగుతుందా బాబూ?" అని అడిగాడు. ఒక్కసారిగానే అన్నాను. "చల్లారితే వస్తుందా?" వస్తుందన్నాను. "అయితే క్రాంకు సెన్సారు చూద్దాం" అన్నాడు.

బొటనవేలంత వస్తువు. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి రాగితీగ. ఎదురుగా క్రాంకు షాఫ్టుతోపాటు పళ్ళచక్రం తిరుగుతుంది. ఒక్కొక్క పన్ను దాటినప్పుడల్లా తీగలో రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ తాళం విని ఇంజను కంప్యూటరు పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వెయ్యాలో లెక్క కడుతుంది. తాళం ఆగిందా, రెండూ ఆపేస్తుంది. తీగ ఎక్కడో చిట్లితే చల్లగా ఉన్నంతసేపు కొసలు ఆనుకునే ఉంటాయి. వేడికి సాగి విడిపోతాయి. చల్లారితే మళ్ళీ కలుస్తాయి. అలకంతా అక్కడే!

ఊరికే చెప్పి ఊరుకోలేదాయన. సెన్సారు ఊడదీసి మీటరు పెడితే 540 ఓములు చూపించింది. టీ కుర్రాణ్ణి పిలిచి గ్లాసెడు మరిగే నీళ్ళు తెమ్మన్నాడు. "టీ పొడి వెయ్యొద్దా?" అని వాడు తెల్లబోయాడు. సెన్సారు మొన అందులో ముంచి కాసేపుంచితే మీటరులో అంకె మాయమైంది. రుజువు కళ్ళెదుటే కనిపించాక ఇంక వాదనేముంది?

పాతదాని మీద నంబరు చూసి సరిగ్గా అదే తెప్పించాడు. ముందు బ్యాటరీ తీగ విప్పాడు. చక్రం ఎదుట పేరుకున్న ఇనపరజను తుడిచి, కొత్త రబ్బరు రింగుకి చుక్క నూనె రాసి కూర్చోబెట్టాడు. ఉన్నది ఒక్కటే బోల్టు. తీగని మాత్రం వేడి పొగగొట్టానికి తగలకుండా దూరంగా కట్టాడు. సెన్సారు 1,400, కూలి 300. నేను 500 ఇస్తే చిల్లర వెనక్కిచ్చాడు సుమండీ!

ఆ సాయంత్రమే గుంటూరు దాకా వెళ్ళి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. అయినా మా ఆవిడ నమ్మలేదు, పక్కింటివారి కారు తాళాలు అడిగి ఉంచింది.

నొప్పులు రానే వచ్చాయి, అర్ధరాత్రి కాదు, మిట్టమధ్యాహ్నం రెండు గంటలకి. మాడు పగిలే ఎండ. బెంజి సర్కిల్‌లో ఎర్రదీపం. అమ్మాయి పళ్ళు బిగించింది, వాళ్ళమ్మ ఆంజనేయ దండకం అందుకుంది. నేను ఇంజను చప్పుడే వింటున్నాను. పచ్చదీపం పడింది, కదిలాం.

మనవరాలు పుట్టింది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నదీ ఆ కారులోనే. ఏ.సి. మాత్రం పనిచెయ్యలేదు. ఆటోనగర్ పెద్దాయనకి వచ్చే వారం చూపించాలి.