బందరు రేవున పంచపానకము

సూర్యాపేట సీమలోని పెన్‌పహాడ్ నా మెట్టినిల్లు. సముద్రమును కన్నులార చూచినవారు మా యింటి ఆడువారిలో మిక్కిలి తక్కువ. అయినను మాకు దగ్గరనున్న సూర్యాపేట మీదుగా పోవు పెద్దబాట సముద్రపుటొడ్డుననున్న బందరువరకు సాగునదియే. గోలకొండ సుల్తానుల నాడు వారికి ముఖ్యమైన రేవు అదియే. కోదాడ, నందిగామ, బెజవాడ దాటి, మొన్న మాఘమాసమున నేనును మా అత్తగారును అచ్చటికి పోయితిమి.

బందరులో పేటల పేర్లే చరిత్రను చెప్పును. వలందపాలెము హాలెండువారిది, ఇంగ్లీషుపాలెము ఇంగ్లీషువారిది, పరాసుపేట ఫ్రెంచివారిది. హాలెండు వర్తకులు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను ఈ తీరమున కాలు మోపిరి. ఇచ్చటినుండి పెగూ, సయాము, మక్కా, సుమత్రా దేశములకు ఓడలు పోవుచుండెనని 1652లో ఈ యూరు చూచిన టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు వ్రాసియున్నాడు.

ఇన్ని దేశముల నావికులు దిగిన రేవున పానశాల లేకుండునా? సోదరీమణులారా, ముఖము చిట్లింపకుడు. ఆ పానీయము మన వంటింటి చుట్టమే. సారాయి, పంచదార, నిమ్మరసము, నీరు, సుగంధద్రవ్యములు కలిపి త్రాగెడి దానికి పంచ్ అని పేరు. అయిదు వస్తువులగుటచే మన 'పంచ' శబ్దమునుండియే ఆ పేరు వచ్చెనని, 1673లో బందరున దిగిన ఫ్రయరు అను ఇంగ్లీషు వైద్యుడు తన గ్రంథమున చెప్పెను. అందరు పండితులును దీని నొప్పుకొనరు. కాని ఆ మాట ఇంగ్లీషు వ్రాతలలో మొట్టమొదట కనబడునది 1632లో మన తీరమందలి పెద్దపల్లికి, అనగా నేటి నిజాంపట్నమునకు, ఒక కంపెనీ ఉద్యోగి తన తోటివానికి వ్రాసిన జాబులోనే. సారాయి తీసివైచి చూడుడు, శ్రీరామనవమి పానకమునకు ఎంత దూరము?

నేనిట్లనగా మా అత్తగారు నవ్వలేదు. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన సంగతి విని, మా వాడలోని దుకాణము ముందు కూర్చున్నవారిలో ఆమె యొకతె. మామగారి చేతి దెబ్బల గుర్తు ఆమె మోచేతిపై నేటికిని ఉన్నది. "దొరలు తాగినా తాగుడు తాగుడే గద బిడ్డా" అనెను.

ఆ దొరలకును ఆ భయము లేకపోలేదు. చెన్నపట్నమున 1670 ప్రాంతములందు గవర్నరుగా నుండిన లాంగ్‌హార్ను, ఒక్క కూర్చుండున అరపైంటు సారాయికి మించి త్రాగరాదనియు, మించినచో పోసిన యింటివానికి ఒక వరహా, త్రాగినవానికి పండ్రెండు ఫణములు జుల్మానా యనియు శాసించెను. పోసినవానికే పెద్ద శిక్ష వేయుట నాకు నచ్చినది.

పిమ్మట హాలెండువారి శ్మశానమునకు పోయితిమి. రాతిపలకలపై వంశచిహ్నములు, నిడుపైన అక్షరములు చెక్కియున్నవి. తెరచాప నావపై వారి దేశమునకు ఆరునెలలకు తక్కువ కాని ప్రయాణము. అత్తగారు ఒక పలకపై ఆకులు తుడిచి, "వీళ్ల తల్లులకు ఎప్పుడు తెలిసిందో" అనెను. నాకు మారుమాట తోచలేదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ఈ పట్టణముపై పడి ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నదందురు. పానశాలలేమి, పాలెములేమి, నీటి కన్నియు నొకటియే.

సాయంకాలము గిలకలదిండికి చేరునప్పటికి చేపల పడవలు మరలి వచ్చుచుండెను. ఒడ్డున ఒక బెస్తపడుచు చంటిబిడ్డను చంకనెత్తుకొని వానిని వ్రేళ్లపై లెక్కించుచుండెను. అత్తగారును ఆమె ప్రక్కకు పోయి నిలిచెను. బస్సు వేళ మించుచున్నదని నేను రెండుమారులు పిలిచితిని. "ఇంకొక్కటి రావాలెనట, ఉండు" అనెను. ఆ పడవ వచ్చువరకు మేము కదలలేదు.