చెట్టుంటేనే కాఫీ!

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే, శృంగవరపుకోట దాటాక గాలి చల్లబడుతుంది. అక్కణ్నుంచి కొండెక్కడమే. సొరంగంలో చీకటి... బయటికొస్తే పచ్చని లోయ. మళ్లీ చీకటి! కొత్తవలస-కిరండూల్ మార్గంలో సొరంగాలు 58. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపేందుకు 1960ల్లో వేసిన దారి ఇది. ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్లు ఇప్పటికీ ఎదురవుతూనే ఉంటాయి.

ఈ దారి పక్కనున్న కొండల నుంచి మరో సరుకూ కిందికి దిగుతోంది. దానికోసం కొండను తవ్వక్కర్లేదు. చెట్టును కొట్టక్కర్లేదు. అసలు చెట్టు కొడితే ఆ పంటే ఉండదు. అదే... అరకు కాఫీ!

పోడు నుంచి తోటకు
అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి... ఒకప్పుడు విశాఖ మన్యం, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇక్కడి గిరిజనులకు తరతరాలుగా పోడే ఆధారం. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, కొన్నేళ్లు చోళ్లు, సామలు పండించేవారు. సారం తగ్గితే మరో వాలుకు వెళ్లేవారు. వదిలేసిన చోట అడవి మళ్లీ మొలిచేది. జనం పెరిగేసరికి అడవికి ఆ తీరిక లేకుండా పోయింది.

పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు మొక్కలిచ్చి తోటలు వేయించాయి. ఇక్కడ పండేది అరబికా రకం. నేరుగా ఎండ తగిలితే తట్టుకోలేదు. అందుకే పైన గొడుగులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు, కింద కాఫీ. ఒకే నేలలో రెండు రాబడులు! తొలి కాపుకి మూడు నాలుగేళ్లు ఆగాలి. ఆ తర్వాత ఏటా కాపే కాబట్టి, కొత్త వాలు కొట్టాల్సిన అవసరం తగ్గుతుంది. వేసవి జల్లులు పడగానే తోటంతా మల్లెలు విరిసినట్టు తెల్లబడుతుంది. నవంబరు నుంచి పళ్లు ఎర్రబడతాయి. ఇంటిల్లిపాదీ పండినవాటినే ఏరి కోస్తారు.

ప్యారిస్ దాకా...
ఈ కాఫీకి ప్యారిస్‌లో 2017లో దుకాణం వెలిసింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు దక్కింది. విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండు, కుంకుడుకాయలతో పాటు కాఫీనీ కొంటోంది.

ఈ చెట్ల నీడ విశాఖవాసులకీ కావాలి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా దిగే గోస్తనీ నదే తాటిపూడి జలాశయాన్ని నింపుతోంది. నగరంలోని కుళాయిలకు నీళ్లిచ్చే వనరుల్లో అదొకటి. కొండ బోడిదైతే వాన నీరు ఇంకదు, మట్టితో సహా కిందికి జారిపోతుంది.

తోటంతా అడవేనా?
కాదు. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. త్వరగా, నిటారుగా పెరుగుతుంది. మిరియాలకు అనువు. కానీ పనస, నేరేడు, మద్ది ఉన్నచోట పిట్టలకు, ఉడతలకు దొరికే తిండి దాని దగ్గర దొరకదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు సిల్వర్ ఓక్‌లు వేలకొద్దీ కూలిపోయాయి. నీడపోయిన కాఫీ మొక్కలు ఎండకు మాడాయి. ఒక్క రకం చెట్టునే నమ్ముకుంటే ఎంత ముప్పో అప్పుడే తెలిసింది. 2025లో పండును తొలిచే బెర్రీ బోరర్ పురుగు అరకు ప్రాంతంలో బయటపడి మరో హెచ్చరిక చేసింది. అందుకే తోటల్లో నాటు చెట్లనూ కలిపి పెంచడం మేలు.

ఇంతకీ ఆ నేల గిరిజనుల చేతిలో ఉంటేనే ఇదంతా. బొర్రా పరిసరాల గనుల లీజులపై మొదలైన 'సమత' కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదంది. కొండల్లో బాక్సైట్ ఉండటంతో ఆ తీర్పు విలువ మరింత పెరిగింది.

ఖనిజం ఒక్కసారే దొరుకుతుంది. తవ్వేస్తే అయిపోతుంది. చెట్టు నిలబడితే కాఫీ ఏటా కాస్తుంది. ఈసారి అరకు వెళ్తే ఘుమఘుమలాడే కప్పు అందుకుని, ఒక్కసారి తలెత్తి పైనున్న చెట్టునీ చూడండి. ఆ కప్పులో సగం రుచి దానిదే!